చిల్కానగర్ నుండి శిల్పారామము వరకు

హైదరాబాదు మహానగరమునకు తూర్పుదిక్కున, ఉప్పలునకును నాచారమునకును నడుమ, ఇరువంకల పారిశ్రామికవాడల సందడి వినవచ్చుచుండగా, రెండంతస్తుల చిన్నయిండ్లతోను, కిరాణాకొట్లతోను, టిఫిను బండ్లతోను క్రిక్కిరిసిన సందులలో ఒదిగియున్న పేట చిల్కానగర్. ఇచ్చటివారిలో పెక్కురు వరంగల్లు, నల్లగొండ, భువనగిరి ప్రాంతముల పల్లెలను విడిచి, కర్మాగారములలో పని వెదకికొనుచు వచ్చి, పిల్లల చదువులకొరకు ఇచ్చటనే నిలిచిపోయినవారు. నేనును అట్లు వచ్చినవాడనే. ఈ పరిసరములలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనై పనిచేసి, పదవీవిరమణానంతరము కూడ ఈ సందులను విడువలేక ఇచ్చటనే కాపురముంటిని.

మాఘమాసములో ఒక సాయంకాలమున నా పూర్వవిద్యార్థులలో ఒకడు, ఇప్పుడు నాచారములో మోటారు విడిభాగముల దుకాణము నడుపుకొనుచున్నవాడు, ఇంటికి వచ్చి పాదములకు నమస్కరించి, "సార్, మా బ్యాచోళ్లం అందరం ఫేస్‌బుక్‌ల గ్రూపు పెట్టుకున్నం. అమెరికాల ఉన్నోళ్లు, దుబాయిల ఉన్నోళ్లు గూడ ఉన్నరు. మీరొక్కరే లేరు. రెండు నెలలైనంక శిల్పారామంల అందరం కలుస్తున్నం, మీరు రావాలె. అంతకు ముందు గ్రూపుల చేరాలె" అని పట్టుపట్టెను. శిల్పారామమునకు వచ్చుటకు వెంటనే సమ్మతించితిని గాని, గ్రూపులో చేరుటకు నా మనస్సు ఒప్పుకొనలేదు.

ఆ విముఖతకు కారణములు లేకపోలేదు. ఎవరు వినుచున్నారో ఎరుగక పలికిన పలుకునకు పూచీ వహించువాడు ఉండడని నా చిరకాలవిశ్వాసము. దానిని బలపరచిన ఘోరమొకటి ఈ నగరములోనే జరిగినది. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్‌లో ఊరూర వ్యాపించిన అసత్యవార్తను నమ్మిన గుంపొకటి, 2018 మే మాసములో, చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపినది. ఆమె చేసిన అపరాధమేమియు లేదు. ఎవరో ఎక్కడనో ఒక మీట నొక్కిరి, మరియెవరో దానిని ముందునకు త్రోసిరి. ఆ దినములలోనే జోగుళాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరిగారు, తమ సిబ్బందిని పల్లెపల్లెకు పంపి, పాటలతోను డప్పులతోను జనమును గుమికూర్చి, ఆ పుకారులను నమ్మవద్దని వారికి నచ్చజెప్పించిరి. ఆ వృత్తాంతము చదివి ఆమెయెడల నాకు కలిగిన గౌరవము నేటికిని తగ్గలేదు. ఆ యేడు జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశములో ఒక సందేశమును ఒక్కమారునకు ఐదు చోట్లకు మించి పంపుటకు వీలులేకుండ కట్టడి చేసినది. ఆ కట్టడి ప్రాణములు పోకమునుపే ఉండవలసినది.

తుదకు నా మనుమరాలు నన్ను ఒప్పించి, గ్రూపులో చేర్చు భారమును తనమీద వేసికొని, నా పేరును, పుట్టినతేదిని, పనిచేసిన పాఠశాలను అడిగి ఖాతా తెరచినది. "తాతా, పాస్‌వర్డు ఎవ్వరికి చెప్పకు. బ్యాంకోళ్లమని ఫోన్ చేసి ఓటీపీ అడిగినా చెప్పకు. తెల్వనోళ్లు రిక్వెస్టు పంపితే నన్ను అడుగు" అని నాకు బోధించి, ఫోను నా చేతిలో పెట్టినది. మరునాటి ఉదయమునకే పూర్వవిద్యార్థుల ముఖములు వరుసగా ప్రత్యక్షమైనవి. నెరసిన మీసములు, కండ్లద్దములు, కొందరి ప్రక్కన పెండ్లికెదిగిన బిడ్డలు. ఆ ముఖములలో మూడవ వరుస బెంచీమీద కూర్చున్న బాలుని, ప్రార్థనాసమయమున పద్యము చదివిన బాలికను పోల్చుకొన్నప్పుడు కలిగిన ఆనందము మాటలకు లొంగునది కాదు.

ఆ సైటులో నేను గడపిన సాయంకాలములు నాకు మేలును చూపినవి, కీడును చూపినవి. పూర్వము సహోద్యోగి యొకరు కాలధర్మము చెందినచో, ఆ సంగతి తెలిపెడి కార్డు చేరునప్పటికి పెద్దకర్మ కూడ ముగిసియుండెడిది. ఇప్పుడు మా పాఠశాల లెక్కల మాష్టారు స్వర్గస్థులైన వార్త ఉదయమున గ్రూపులో కనబడగా, మధ్యాహ్నమునకు రామంతాపూరులోని వారింటికి చేరి, కడసారి దర్శించుకొని, వారి భార్యను ఓదార్పగలిగితిని. 2021 ఏప్రిల్, మే మాసములలో కోవిడు రెండవ అల విజృంభించినప్పుడు, ఆక్సిజను సిలిండరు ఎచ్చట దొరకునో, ఏ ఆసుపత్రిలో పడక ఖాళీగా నున్నదో ఈ సైట్లలోనే వెదకికొని, తెలియని మనుష్యుల సాయముతో తమవారిని దక్కించుకొన్నామని మా వీథివారే నాకు చెప్పిరి. అట్టి దానిని నిందించుటకు నాకు నోరు రాదు. అయినను, మాష్టారి మరణవార్తకు దిగువనే పుట్టినరోజు కేకును, ఆ దిగువ ప్లాట్ల ప్రకటనయు, మరల పైకి పోయి చూచునప్పటికి మాష్టారి వార్త కనబడకుండ పోవుటయు నాకు మిక్కిలి కష్టము కలిగించినవి. అచ్చటి క్రమము కాలక్రమము కాదు, పెద్దాచిన్నా క్రమము కాదు. మనము దేనియెదుట ఎక్కువసేపు నిలుతుమో లెక్కగట్టి, అట్టి దానినే మన ముందునకు తెచ్చు యంత్రగణితము. మనము నిలిచినంతసేపును ప్రకటనలు చూపవచ్చును. ఆ ప్రకటనల రాబడియే ఆ సంస్థకు జీవాధారము.

ఒకనాటి రాత్రి ఆ గ్రూపులో ఉప్పల్ నల్లచెరువు ఛాయాచిత్రమొకటి కనబడినది. 1980వ దశకములో ఎవరో తీసిన నలుపుతెలుపుల బొమ్మ. కట్టమీద తాటిచెట్లు, నీటియంచున బట్టలుతుకు రాళ్ళు, గడ్డిమోపులతో నిలిచిన ఎడ్లబండి, మెడలోతు నీటిలో తలలు మాత్రమే పైకి కనబడుచున్న పిల్లలు. ఆ బొమ్మ క్రింద మొదటి గంటలో ఇద్దరో ముగ్గురో పలికిరి. తెల్లవారునప్పటికి గ్రూపంతయు మేల్కొన్నది. బండిమీద కూర్చున్నవాడు తన తండ్రియని ఒకడు వ్రాసెను. తండ్రి బొమ్మ తమ యింట వేరొకటి లేదనియు వ్రాసెను. చెరువు మత్తడి దుంకిన యేడు రోడ్డు దాటలేక బడికి రాలేదని ఒకతె, కట్టమీద బతుకమ్మ లాడి ఏ రేవులో నిమజ్జనము చేసెడివారో మరియొకతె, తూము తలుపు ఎత్తు నీరటి తాతపేరు ఏమని ఇద్దరి నడుమ వాదము, దుబాయినుండి మూడవవాడు వచ్చి ఆ పేరు తేల్చుట, ఆ తాత మనుమడు ఇప్పుడు బోడుప్పల్‌లో ఉన్నాడని నాలుగవవాడు చెప్పుట! ఏ గెజిటీరులోను, ఏ పాఠ్యపుస్తకములోను లేని మా ప్రాంతచరిత్ర నా కండ్లయెదుట, పామరులని లోకము తలచువారి చేతులతో, ఒక్క రాత్రిలో వ్రాయబడినది. నేను ఆ రాత్రి నిద్రించలేదు. వీరినా, ఇటువంటి కూటమినా నేను ఇన్నాళ్ళు దూరముంచినది అని నా విముఖత సగము కరగిపోయినది.

శిల్పారామమునకు పోవలసిన దినమునకు ముందు సాయంకాలము ఆ బొమ్మను, ఆ సంభాషణను మరల చదువగోరి వెదకితిని. లేదు. మనుమరాలు కూడ వెదకి, "పోస్టే లేదు తాతా" అన్నది. అది ఏమైనదను ప్రశ్నతోనే మరునాడు బయలుదేరితిని.

ఆదివారము ఉదయమున చిల్కానగర్ చౌరస్తాలో షేరాటో ఎక్కి ఉప్పల్ కూడలి చేరితిని. వరంగల్లు బస్సులు దిగిన జనము మూటలతో, సంచులతో రోడ్డు దాటుటకు ఒకప్పుడు ప్రాణముల నరచేత బట్టుకొనెడిది. 2023 జూన్‌లో ప్రారంభమైన ఆకాశవంతెన పుణ్యమా యని, ఇప్పుడు రామంతాపూరు దారినుండియు, నాగోలు దారినుండియు, వరంగల్లు బస్సులు ఆగుచోటునుండియు పైకెక్కి నేరుగ మెట్రో స్టేషనులో ప్రవేశింపవచ్చును. మెట్రో ఈ తూర్పుకొసకు వచ్చినది 2017 నవంబరులో. నాగోలునుండి రాయదుర్గము వరకు ఒకే బండిలో పోవు వీలు కలిగినది 2019 నవంబరులో. మూడు పెట్టెల ఆ బండిలో కిటికీ ప్రక్క చోటు దొరకినది.

స్టేడియము దాటిన పిమ్మట వచ్చు స్టేషనునకు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పేరే పెట్టిరి. 1961లో స్థాపితమైన ఆ సంస్థలో భూమి ఎప్పుడు ఏ కొంచెము కంపించినను యంత్రములు గుర్తించి వ్రాసియుంచును. ఆ వ్రాతలను శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి భద్రపరచి, క్రొత్త కంపమును ప్రాతదానితో సరిపోల్చి చూతురు. ఈ దారిన ఎన్నిమార్లో పోయియున్నను ఆనాడు ఆ ప్రాంగణమును చూచినప్పుడు నా మనస్సు చివుక్కుమన్నది. మనుష్యులకు కనబడని భూకంపమునకు దక్కిన భద్రత, తండ్రిని ఎడ్లబండిమీద గుర్తుపట్టిన కొడుకు మాటకు దక్కలేదు గదా!

హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ త్వరత్వరగ గడచినవి. సికింద్రాబాదు తూర్పు స్టేషనులో ఎర్రచీర ముతకంచు నడుమునకు దోపుకొన్న ఒక వృద్ధురాలు ఎక్కి నా ప్రక్కన కూర్చున్నది. కొంగుముడి విప్పి ఫోను తీసి, తెరమీద మైకుబొమ్మను బొటనవ్రేలితో అదిమిపట్టి, "బిడ్డా, మెట్రో ఎక్కిన. అమీర్‌పేటల దిగుత. పిలగానికి జరం తగ్గిందా? అన్నం పెట్టకు, జావ తాపు" అని చెప్పి వ్రేలు తీసినది. క్షణములో మారుపలుకు వచ్చినది. ఆమె ఫోనును చెవియొద్ద నుంచుకొని విని, తృప్తిగా తల యూచినది. "అవ్వా, చదువుట వచ్చునా?" అని అడిగితిని. "ఏడిది సారూ, ఏలిముద్రనే. గిది నొక్కి మాట్లాడుడు నా మనుమడు నేర్పిండు" అన్నది. నా యౌవనములో ఇట్టి తల్లులు ఎందరో కార్డు చేతబట్టుకొని నా యొద్దకు వచ్చెడివారు. కొడుకునకు చెప్పుకొనవలసిన కష్టమును పరాయివాని యెదుట చెప్పలేక, సగము మ్రింగి సగము వ్రాయించి పోయెడివారు; నేను వ్రాసినది నా తెలుగు, వారి తెలుగు కాదు. ఈమె మాట మధ్యవర్తి లేక, ఆమె గొంతుతో, ఆమె యాసతో బిడ్డకు చేరినది. అక్షరము నేర్పుటయే వృత్తిగా బ్రతికిన నేను, అక్షరము రాని మనిషికి ఇంతటి స్వాతంత్ర్యము ఇచ్చిన సాధనమునకు మనసార నమస్కరించితిని.

అమీర్‌పేటలో ఆమె దిగిపోయినది. ఆ స్టేషనునకు చేరువనే మైత్రీవనము. తెలుగునాట ప్రతి మూలనుండియు యువతీయువకులు వచ్చి, ఇరుకు హాస్టళ్ళలో ఉండి, సాఫ్ట్‌వేరు కోర్సులు నేర్చి, దేశాంతరములకు పోయిన దారికి అది మొదటి మజిలీ. మా గ్రూపును పెట్టినవాడును అచ్చటనే జావా నేర్చి, ఇప్పుడు న్యూజెర్సీలో ఉన్నవాడు. అతడు నాకు పంపిన మొదటి సందేశమే శుద్ధమైన తెలుగులిపిలో ఉండుట చూచి నేను ఆశ్చర్యపోతిని. ఈ వైభవము ఊరక వచ్చినది కాదు. 1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రమాణములోనే తెలుగునకు చోటు లభించినను, అది సామాన్యుల తెరలమీదికి దిగివచ్చుటకు చాల యేండ్లు పట్టినది. ఆ లోపల అమెరికాలోని తెలుగువారు ఆంగ్లాక్షరములతోనే తెలుగు వ్రాసికొనుచుండగా, హ్యూస్టనులోని రైస్ విశ్వవిద్యాలయమునందు కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అను విద్యార్థులు ఆ వ్రాతకు ఒక పద్ధతి నేర్పరచి, దానిని తెలుగులిపిగా మార్చు ఉపాయము కల్పించిరి. ఆర్.టి.ఎస్. అని ప్రసిద్ధమైన ఆ పద్ధతి పెక్కేండ్లు తెలుగువారికి అక్కరకు వచ్చినది. వీరిద్దరును వ్యాపారమునకై ఈ పని చేసినవారు కారు. భాషమీది మమకారమే వారిచే చేయించినది. నేడు ప్లాట్ల ప్రకటనలు వ్రాయువాడును, పుకారు పుట్టించువాడును, నీరటి తాతపేరు తేల్చిన దుబాయి వాడును వారికి సమానముగనే ఋణపడియున్నారు.

యూసుఫ్‌గూడ, జూబిలీహిల్సు, పెద్దమ్మగుడి. మాధాపురము దాటినది మొదలు దుర్గము చెరువు పేరు వినబడినది. గోలకొండ కోటకు నీరిచ్చినదని ప్రసిద్ధిగల ఆ చెరువుమీద 2020 సెప్టెంబరులో తీగలవంతెన తెరచి, రాత్రివేళ రంగురంగుల దీపములు వెలిగించుచున్నారు. దానిముందు నిలిచి తీసికొన్న బొమ్మలు ఈ సైట్లలో కొల్లలు. దుర్గము చెరువు అదృష్టముగల చెరువు. మా నల్లచెరువు ప్రాతరూపమునకు సాక్ష్యము ఒక్క బొమ్మ. అదియు కనబడకుండ పోయినది.

హైటెక్ సిటీ స్టేషనులో దిగితిని. 1998 నవంబరులో ప్రధాని వాజపేయిగారు ప్రారంభించిన సైబర్ టవర్సు చుట్టును ఇప్పుడు అద్దపు గోడల మేడలు ఆకాశమును కప్పివేసినవి. 2004 ఫిబ్రవరిలో హార్వర్డు విద్యార్థులకొరకు పుట్టిన ఫేస్‌బుక్, భారతదేశమున తన తొలి కార్యాలయమును 2010లో తెరచినది ఈ నగరముననే. చిల్కానగర్‌లో కూర్చుండి నేను తాకిన తెర వెనుక, నా నగరమునకే మరియొక కొసను, ఇట్టి మేడలలో మనుష్యులు పనిచేయుచున్నారని ఆనాడే నాకు మనస్సునకు హత్తుకొన్నది. అయినను ఆ గ్రూపులో ఏది ఉండవలెను, ఏది పోవలెను, ఎవరికి ఏది ముందు కనబడవలెను అను శాసనము ఈ నగరములో పుట్టునది కాదు. మనకు అందులో ఓటు లేదు. మనము అచ్చట నిత్యము గుమికూడి మాటలాడుకొనుచున్నాము గాని, ఆ నేల మనది కాదు. జాతర ముగియగనే గుడారములు ఎత్తివేయు హక్కు నేలగలవానికే ఉన్నది.

శిల్పారామములో మట్టిగోడల గుడిసెల నమూనాలకు దగ్గరగా, వేపచెట్టు క్రింద మావారందరును చేరిరి. నమస్కారములు, ఆలింగనములు, ఎవరి బిడ్డ ఏమి చదువుచున్నదో అను ప్రశ్నలు ముగిసిన పిమ్మట, నల్లచెరువు బొమ్మ సంగతి అడిగితిని. దానిని పెట్టినవాడు ముందుకు వచ్చెను. "నా అకౌంటు ఎవడో హ్యాకు చేసి అందరిని పైసలు అడిగిండు సార్. భయపడి మొత్తమే డిలీట్ చేసిన. దాంతోటి పోస్టులన్ని పోయినయి" అన్నాడు. ఖాతాతోపాటు బొమ్మ పోయినది. బొమ్మతోపాటు దానిక్రింద ఇతరులు వ్రాసినదంతయు పోయినది. అచ్చుబొమ్మ అతని యింటి బీరువాలో క్షేమముగ నున్నది గాని, ఆ రాత్రి పలికిన మాటలకు మారుప్రతి లేదు.

అంతట ఒక్కొక్కరును తమకు జరిగిన నష్టములు చెప్పసాగిరి. ఒకడు ఆర్కుట్‌లో ఇంజనీరింగు కాలమునాటి స్నేహితుల వ్రాతలన్నియు 2014 సెప్టెంబరు 30న ఆ సైటు మూతపడుటతో పోగొట్టుకొనెను. మరియొకనివి గూగుల్ ప్లస్‌తో 2019 ఏప్రిల్‌లో పోయినవి. ఉప్పలులో కుట్టుమిషను పెట్టుకొని జీవించుచున్న ఒక విద్యార్థిని, తన అత్తగారు పాడిన బతుకమ్మ పాటలను టిక్‌టాక్‌లో పెట్టెడిదట. 2020 జూన్ 29న ప్రభుత్వము దానిని నిషేధించినది. "మా అత్తమ్మ ఆ తెల్లారి యేడు పోయింది సార్. నా ఫోను అప్పటికే ఖరాబైంది. ఆ పాటలు ఇంక యాడ దొరుకుతయి?" అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది. నిషేధమునకు ప్రభుత్వము చెప్పిన కారణములు వేరు, వానిని నేను తర్కింపను. ఆ ముసలమ్మ గొంతు మాత్రము ఏ దేశమునకు శత్రువు కాదు.

నేను సంచిలోనుండి నోటుపుస్తకము తీసితిని. వేపచెట్టు క్రిందనే, భోజనములు చల్లారుచున్నను లెక్కచేయక, నల్లచెరువునుగూర్చి ఎవరికి తెలిసినది వారిచే మరల చెప్పించి, పేరుతోను తేదితోను వ్రాసికొంటిని. న్యూజెర్సీ వాడు తనకు తెల్లవారుజామైనను వీడియోకాలులో కూర్చుండి విన్నాడు, చెప్పినాడు. దుబాయి వాడు నీరటి తాతపేరును మరల చెప్పినాడు. కుట్టుమిషను బిడ్డ అత్తగారి పాటలలో తనకు జ్ఞాపకమున్నవానిని పాడినది. అందరును నిశ్శబ్దముగ వినిరి, ఇద్దరు ఫోనులలో పట్టుకొనిరి.

ఈ సైట్లను గూర్చి నా అభిప్రాయము ఆనాడు స్థిరపడినది. పలుకరించుకొనుటకు, పిలుచుకొనుటకు, ఆపదలో కేకవేయుటకు ఇంతకంటె మేలైన చోటు నేను చూడలేదు. అందుచే నేను అచ్చటనే ఉందును. కాని దాచుకొనుటకు అది చోటు కాదు. దాచుకొనుటకు వేరు చోట్లు తెలుగువారికి ఉన్నవి. వెన్న నాగార్జునగారి కృషితో 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రతి మార్పును, ఎవరు ఎప్పుడు చేసినది, వెనుకటి ప్రతులతో సహా నిలిచియుండును. బొమ్మలను చేర్చుటకు వికీమీడియా కామన్సు కలదు. అయితే సొంత జ్ఞాపకములకు వికీపీడియాలో తావు లేదు. వారు ఆధారము అడుగుదురు, అడుగుటయు న్యాయమే. కనుక జ్ఞాపకములు కాగితముమీద అచ్చుపడవలెను. నల్లచెరువునుగూర్చిన ఆ నోటుపుస్తకమును చిన్న పొత్తముగా అచ్చువేయించుటకు ఆ పిల్లలందరును తలా కొంత వేసికొనిరి. ఒక ప్రతి చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు ఇచ్చెదము.

చిల్కానగర్, ఉప్పల్, నాచారము వాసులకు నా విన్నపము. మీ యిండ్లలో ఈ ప్రాంతపు ప్రాత ఛాయాచిత్రములున్నచో, వానిని ఫేస్‌బుక్‌లో పెట్టుడు, అందరును చూచి సంతోషింతురు. కాని అంతకు ముందు ఆ బొమ్మ వెనుక ఊరుపేరును, యేడును, అందున్నవారి పేర్లను పెన్సిలుతో వ్రాయుడు. దాని క్రింద ఎవరైన మంచిమాట వ్రాసినచో, ఆ రాత్రికి రాత్రియే ఒక పుస్తకములోనికి ఎత్తి వ్రాసికొనుడు.